కెమెరా ఎవరి చేతిలో ఉంది?

2025 సెప్టెంబరు 8న కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ ఒక ఆఫీసు మెమొరాండం జారీ చేసింది. యురేనియం వంటి అణు ఖనిజాలు తవ్వే ప్రాజెక్టులకు ఇక ప్రజాభిప్రాయ సేకరణ అవసరం లేదన్నది దాని సారాంశం. దేశ రక్షణ, వ్యూహాత్మక అవసరాలు అని కారణాలు చెప్పారు. చట్టసభలో చర్చ లేదు, ఊళ్లో దండోరా లేదు. ఒక్క కాగితంతో పని అయిపోయింది.

ఇది గనుల వ్యవహారమని, పర్యావరణం వాళ్లు చూసుకుంటారని మనం అనుకోవడానికి వీల్లేదు. ఇది స్త్రీల నోరు నొక్కిన ఉత్తర్వు. భూమి పట్టా భర్త పేరునో మామగారి పేరునో ఉంటుంది. గ్రామసభలో మగవాళ్లే ముందు కూర్చుంటారు. నష్టపరిహారం చెక్కు మగవాడి ఖాతాలో పడుతుంది. ఇన్నింటి మధ్య ఊరి బయట షామియానా కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణ ఒక్కటే, ఏ పట్టా లేని ఆడమనిషి అయినా కలెక్టరు ఎదుట లేచి నిలబడి 'మాకిది వద్దు' అనగలిగిన చట్టబద్ధమైన చోటు. ఆ సభల్లో పోలీసులే ఎక్కువమంది ఉంటారనీ, పర్యావరణ నివేదికలు ఇంగ్లీషులో ఉంటాయనీ మనకు తెలుసు. అయినా ఆ చోటంటూ ఉండేది. 2003లో నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు తండాల జనం వద్దన్నారు. నాగార్జునసాగర్ పక్కన, హైదరాబాదు తాగే కృష్ణా నీళ్లకు దగ్గరలో తలపెట్టిన ఆ గనులు తెరుచుకోలేదు. ఇప్పుడు అలాంటి గని మళ్లీ వస్తే ఆ తండా స్త్రీని అడిగేవాళ్లుండరు.

ఆ సభలకు సంబంధించి 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో చాలామంది గమనించని నియమం ఒకటుంది. సభ మొత్తాన్ని కాలుష్య నియంత్రణ మండలి వీడియో తీయించాలి. ఆ టేపునో సీడీనో సభ నివేదికతో పాటు అనుమతులిచ్చే అధికారులకు పంపాలి. అంటే ఊళ్లో వాళ్లు ఏమన్నారన్నది దృశ్యంగా నమోదు కావాలని ప్రభుత్వమే ఒప్పుకున్నదన్నమాట. అయితే ఆ కెమెరా ప్రభుత్వానిది. ఎవరి వైపు తిప్పాలో, ఎవరు మాట్లాడుతుంటే ఆపాలో దాన్ని పట్టుకున్నవాడి ఇష్టం. యురేనియం గనుల విషయంలో ఇప్పుడు ఆ సభా పోయింది, ఆ కెమెరా కూడా పోయింది. ఇక మిగిలింది మన కెమెరా. అందుకే అణు విద్యుత్తు మీద స్వతంత్రంగా చిన్న డాక్యుమెంటరీలు తీయడం, వాటిని బస్తీల్లో చూపించడం సినిమా క్లబ్బు సభ్యుల సరదా కాదంటున్నాను. అది మన హక్కుల పని.

ఈ పని ఇప్పటికే చేసినవాళ్లున్నారు. శ్రీప్రకాశ్ 1999లో తీసిన 'బుద్ధ వీప్స్ ఇన్ జాదూగోడ' లేకపోతే జార్ఖండ్‌లోని ఆ యురేనియం గనుల పేరు దేశంలో చాలామందికి తెలిసేది కాదు. తమిళనాడులో అముదన్ 'రేడియేషన్ స్టోరీస్' పేరుతో మణవాళకురిచ్చి, కల్పాక్కం, కూడంకుళం ప్రజల మీద వరసగా సినిమాలు తీశాడు. భాభా అణు పరిశోధన కేంద్రంలో పనిచేసి బయటికి వచ్చిన ప్రదీప్ ఇందుల్కర్ తారాపూర్ నిర్వాసితుల మీద తీసిన 'హై పవర్'కు 2013లో రియో డి జెనీరోలోని యురేనియం చలనచిత్రోత్సవం బహుమతి ఇచ్చింది. అణుబాంబు పరీక్షల మీద ఆనంద్ పట్వర్ధన్ తీసిన 'వార్ అండ్ పీస్'కు సెన్సారు బోర్డు 21 కోతలు పెట్టమంటే ఆయన ఒప్పుకోలేదు. 2003లో బొంబాయి హైకోర్టు ఒక్క కోత కూడా లేకుండా చూపించుకోవచ్చని చెప్పింది. 2004లో ముంబయి చలనచిత్రోత్సవంలో భారతీయ డాక్యుమెంటరీలకు సెన్సారు సర్టిఫికెట్టు కావాలన్నప్పుడు దర్శకులు ఏకమై పక్కనే 'వికల్ప్' పేరుతో తమ ఉత్సవం తాము జరుపుకున్నారు. ఎవరి దయా లేకుండా సంపాదించుకున్న చోటు ఇది.

మరి మన సంగతేమిటి? అణు పరిశ్రమకు హైదరాబాదు దూరపు ఊరు కాదు. రియాక్టర్లలో వాడే ఇంధనం కడ్డీలు ఇక్కడే, 1971లో మొదలైన న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో తయారవుతాయి. యురేనియం ఎక్కడ ఉందో వెతికే సంస్థ ప్రధాన కార్యాలయం బేగంపేటలో ఉంది. తవ్వే గని కడప జిల్లా తుమ్మలపల్లెలో ఉంది. ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు పెట్టాలని తలపెట్టింది శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో. వెతకడం, తవ్వడం, కడ్డీలు చేయడం, రేపు కరెంటు తీయడం అన్నీ తెలుగు నేల మీదే. దాని మీద సినిమాలు మాత్రం సంథాలీలో, తమిళంలో, మరాఠీలో. కింద అక్షరాలు ఇంగ్లీషులో.

మా మూసాపేటలో కిందటి ఏడాది కూడంకుళం మీద ఒక సినిమా వేయాలనుకున్నాం. మాట్లాడుకున్న హాలు వాళ్లు 'అణు' అన్న మాట వినగానే పోలీసు స్టేషను నుంచి కాగితం తెమ్మన్నారు. పెళ్లికీ పుట్టినరోజుకీ అక్కర్లేని కాగితం సముద్రం ఒడ్డు ఆడవాళ్లు మాట్లాడే సినిమాకు కావలసి వచ్చింది. చివరికి ఒక సభ్యురాలి ఇంటి మేడ మీద గోడకు దుప్పటి కట్టి వేశాం. వచ్చినవాళ్లలో ఎక్కువమంది పొద్దున్నే భరత్‌నగర్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి హైటెక్ సిటీలో దిగి ఆఫీసులు తుడిచేవాళ్లు, ఇళ్లల్లో వంట చేసేవాళ్లు. సినిమా తమిళం, అక్షరాలు ఇంగ్లీషు. ఒకరు పక్కన నిలబడి తెలుగులో చెబుతూ పోయారు. అయిపోయాక శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఒకావిడ అడిగింది: "మాదీ సముద్రం ఒడ్డేనమ్మా. మన బాసలో ఇసుమంటి సినిమా ఒక్కటీ నేదేటి?"

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. తెలుగులో వెతికితే టీవీ వార్తల ముక్కలు, ఫోన్లలో తీసిన వీడియోలు దొరికాయి. తుమ్మలపల్లె స్త్రీ ఒక్క గంట సేపు తన మాట తాను చెప్పుకునే సినిమా మాకు దొరకలేదు. 2019లో నల్లమల యురేనియం సర్వే మీద నగరం భగ్గుమంది. సినిమా తారలు కూడా గొంతు కలిపారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వ్యతిరేక తీర్మానం చేసింది. మంచిదే. అదే రోజుల్లో తుమ్మలపల్లె దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు చెడిపోతున్నాయని, అరటి తోటలు ఎండిపోతున్నాయని రైతులు మొత్తుకుంటున్నారు. సంస్థ కాదంది. పులి ఉన్న అడవి కోసం కదిలిన నగరం, బిందె పట్టుకుని నిలబడ్డ ఆడమనిషి కోసం అంతగా కదల్లేదు. అడవి అందం బొమ్మల్లో కనిపించింది. బిందెలో నీళ్లు చూడటానికి మామూలుగానే ఉంటాయి. వాటి కథ చెప్పాలంటే ఓపికగా తీసిన సినిమా కావాలి.

ఇక్కడ మన వైపు వాళ్లతోనూ ఒక మాట తేల్చుకోవాలి. అణు సినిమా అనగానే వంకర కాళ్ల పసిబిడ్డను దగ్గరగా చూపించడం ఒక అలవాటుగా మారింది. జాదూగోడలో పుట్టుక లోపాలు, సంతానం లేకపోవడం చుట్టుపక్కల ఊళ్ల కంటే ఎక్కువని వైద్యుల సర్వే చెప్పింది. యురేనియం కార్పొరేషన్ కాదంది. ఆ వాదన జరగాల్సిందే. కానీ ఆ ఊరి పిల్ల అంటేనే పెళ్లి సంబంధాలు తప్పిపోతున్నప్పుడు, 'గొడ్రాలు' అన్న మాట ఇంట్లోనే పడుతున్నప్పుడు, ఆమె ముఖాన్ని పేరుతో సహా తెర మీదికి తెచ్చే ముందు ఆమెను అడిగామా? తీసింది ఆమెకు చూపించామా? తీసేయమంటే తీసేశామా? కంపెనీ ఆమె నీళ్లు తీసుకుంది, మనం ఆమె ముఖం తీసుకున్నాం అన్నట్టు కాకూడదు.

దీనికి జవాబు మన నేల మీదే ఉంది. జహీరాబాదు దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత స్త్రీలు, చాలామంది బడి ముఖం చూడనివాళ్లు, కెమెరా పట్టడం నేర్చుకున్నారు. వరంగల్ జిల్లాలో బీటీ పత్తి విత్తిన నాటి నుంచి పంట చేతికి వచ్చేదాకా రైతుల వెంట తిరిగి 2003లో సినిమా తీశారు. కంపెనీ ఒక మాట, వ్యవసాయ నిపుణులు ఒక మాట చెబుతుంటే వీళ్లు చేను చూపించారు. ఆ సినిమాలు తర్వాత దేశదేశాలు తిరిగాయి. కెమెరా భాషకు కూడా వాళ్లు తమ పేర్లు పెట్టుకున్నారు. పై నుంచి కిందికి చూసేది పటేల్ షాట్. ఎదుటి మనిషి కళ్లకు సమంగా పెట్టి తీసేది సంఘం షాట్. ఎవరు ఎవరిని ఎలా చూస్తారన్న విషయాన్ని ఏ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూటూ ఇంత తేటగా చెప్పలేదు. అణు విద్యుత్తు మీద మనకు కావలసింది సంఘం షాటే. అధికారి తీసే వీడియో పటేల్ షాట్. జాలితో తీసే క్లోజప్పు కూడా ఒక్కోసారి పటేల్ షాటే.

'ఆడవాళ్లకు అణుశాస్త్రం ఏం తెలుసు?' అంటారు. తెలుసుకోవలసింది అంత గహనమేమీ కాదు. తుమ్మలపల్లె ఖనిజం చాలా పలచనిది. వెయ్యి కిలోల రాయి తవ్వి పొడి చేస్తే అరకిలో యురేనియం కూడా రాదు. మిగిలినదంతా బురదగా చెరువులోకి పోతుంది. ఖనిజంలోని రేడియోధార్మికతలో ఎక్కువ భాగం ఆ బురదలోనే ఉండిపోతుంది. అందులోని రేడియం సగానికి తగ్గడానికి 1,600 ఏళ్లు పడుతుంది. కనుక ఆ చెరువు అడుగున నీరు ఇంకకుండా వేసే పొర ఎలా ఉందన్నదే అసలు ప్రశ్న. ఆ పొర గురించే ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి 2019లో కార్పొరేషన్‌ను నిలదీసింది. నీళ్లు మోసే ఆడవాళ్లు ముందే చెప్పిన మాట కాగితం మీదికి రావడానికి అన్నాళ్లు పట్టింది. గని పనివాళ్ల బట్టలు ఇంట్లో ఉతికేదెవరు? ఆ దుమ్ము ఎవరి చేతులకు అంటుతుంది? ఇవి శాస్త్రం ప్రశ్నలు కావా?

'బొగ్గు కంటే అణు విద్యుత్తు శుభ్రమైనది, వాతావరణం వేడెక్కకుండా కాపాడుతుంది' అనేవాళ్లూ ఉన్నారు. ఈ వాదన తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. రియాక్టరు పొగ కక్కదు, నిజమే. కానీ లెక్క రియాక్టరు గేటు దగ్గర మొదలుపెడితే సగం లెక్కే అవుతుంది. గని నుంచి మొదలుపెట్టాలి. దేశంలో తయారయ్యే కరెంటులో అణు విద్యుత్తు వాటా ఇంకా 3 శాతం దగ్గరే ఉంది. 2047 నాటికి లక్ష మెగావాట్లు అని 2025 బడ్జెట్టులో ప్రకటించారు. 1962 అణుశక్తి చట్టాన్నీ 2010 నష్టపరిహార చట్టాన్నీ రద్దు చేస్తూ, ప్రైవేటు కంపెనీలకు తలుపు తెరుస్తూ 2025 డిసెంబరులో పార్లమెంటు 'శాంతి' అనే పేరుతో కొత్త చట్టం చేసింది. పరికరాలు సరఫరా చేసిన కంపెనీ మీద పాత చట్టంలో ఉన్న బాధ్యత ఇందులో లేకుండా పోయింది. సమాచారాన్ని రహస్యమని ప్రకటించే అధికారం మాత్రం పోలేదు. ఒక పక్క పనులు ఇన్ని రెట్లు పెంచుతామంటూ, మరో పక్క గనుల ఊళ్లను అడగడం మానేస్తామంటే, ఆ శుభ్రత ఎవరి వాకిలి ఊడ్చి ఎవరి వాకిట్లో పోస్తున్నదో అడిగే హక్కు మనకుంది.

'మీ సినిమాలు ఏకపక్షం' అన్నది మూడో మాట. ప్రభుత్వ శాఖకు ప్రచారానికి ప్రజల డబ్బుంది, బడిపిల్లల్ని ప్రదర్శనలకు తీసుకెళ్లే ఏర్పాటుంది. ఆ పక్షం నిండుగా వినిపిస్తూనే ఉంది. రెండో పక్షాన్ని దుప్పటి తెర మీద చూపిస్తే కొంప మునుగుతుందా? అంత నమ్మకం ఉన్నవాళ్లు తమ ఇంజినీర్లను మా మేడ మీదికి పంపవచ్చు. మా వాళ్లు అడిగే ప్రశ్నలకు వాళ్లు తెలుగులో జవాబు చెప్పాలి, అంతే.

కాబట్టి మహిళా సంఘాలు ఈ పని చేతికి తీసుకోవాలి. సెప్టెంబరు మెమొరాండం వెనక్కి తీసుకోవాలని ప్రతి జిల్లా నుంచీ అడగాలి. ఇప్పటిదాకా జరిగిన ప్రజాభిప్రాయ సేకరణల వీడియోలు ప్రజల ముందు పెట్టమనాలి. అవి మన అమ్మలూ అక్కలూ మాట్లాడిన మాటలు, బీరువాల్లో మూలగవలసినవి కావు. ఉన్న మంచి సినిమాలకు కింద అక్షరాలతో సరిపెట్టకుండా తెలుగు గొంతు ఇవ్వాలి. చదవలేనివాళ్లకే ఈ సినిమాలు ఎక్కువ అవసరం. వేముల మండలంలో, కొవ్వాడ తీరంలో, అమ్రాబాద్ చెంచు పెంటల్లో స్త్రీలకు కెమెరా నేర్పాలి. ఇప్పుడు ఫోను ఉంటే చాలు. తీసింది ముందు ఆ ఊళ్లో చూపించాలి. వాళ్లు సరేనన్నాకే నగరానికి తేవాలి. నగరంలో కూడా బంజారాహిల్స్ హాళ్లతో ఆగిపోకుండా మూసాపేటకు, బోరబండకు, ఎర్రగడ్డకు రావాలి. ఐటీ ఆఫీసుల్లో రాత్రంతా వెలిగే దీపాల కింద నేల తుడిచేది ఇక్కడివాళ్లే. ఆ దీపం ఎక్కడి నుంచి వస్తుందో, ఎవరి నీళ్ల మీదుగా రానుందో ముందు తెలియవలసింది వాళ్లకు.

సభ ఎత్తేసినంత మాత్రాన సాక్ష్యం ఆగిపోదు. షామియానా వాళ్లు పీకేస్తే దుప్పటి మనం కడదాం.