అన్నిటికీ ‘చాలా బాగుంది’ అని నొక్కకండి

సెమిస్టరు చివరికొచ్చింది. నేడో రేపో మీ క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక లింకు పడుతుంది. సాయంత్రంలోగా అందరూ నింపాలని సీఆర్ కింద ఒక ముక్క రాస్తాడు. పాఠాలు ఎలా సాగాయి, సార్లూ మేడాలూ ఎలా చెప్పారు, సిలబస్ ఎంత అయింది అని అడిగే ఫారం అది. సూళ్లూరుపేటలో మెమూ ఎక్కి నెల్లూరు పోయే పిల్లలకూ, నాయుడుపేట, శ్రీకాళహస్తి మీదుగా బస్సులో తిరుపతి పోయేవాళ్లకూ, శ్రీహరికోట క్వార్టర్లలో ఉండి చదువుకునేవాళ్లకూ, పులికాట్ పక్క ఊళ్ల నుంచి తమ ఇంట్లో మొట్టమొదటగా డిగ్రీలో చేరిన యానాది పిల్లలకూ ముందే చెబుతున్నాం. త్వరగా వదిలించుకుందామని పై నుంచి కిందికి ఒకే గడి నొక్కుకుంటూ పోకండి. ఆ అరనిమిషం పని మీ వెనక వచ్చే బ్యాచ్‌కు ఒక లెక్చరర్‌ని లేకుండా చేయగలదు.

పెద్ద మాటలా వినిపిస్తుంది. ఎలాగో చూడండి. విశ్వవిద్యాలయాలకూ కాలేజీలకూ గ్రేడు ఇచ్చే న్యాక్ సంస్థ 2017లో తన పద్ధతిని మార్చి, విద్యార్థుల సంతృప్తి సర్వేను అందులో చేర్చింది. అందులో 21 ప్రశ్నలు. మొట్టమొదటిదే సిలబస్ గురించి: క్లాసులో ఎంత శాతం పూర్తయింది? 85 నుంచి 100 అన్నది పై గడి, 30 కంటే తక్కువ అన్నది అడుగు గడి. రెండోది టీచర్లు ఎంత తయారై వచ్చారన్నది. చివరి ప్రశ్న ఒక్కటి మీ మాటల్లో రాయాలి, బోధన బాగుపడటానికి మూడు సూచనలు చెప్పమంటుంది. మీ క్లాసు ఫారం అడిగేదీ దాదాపు ఇలాంటివే.

ఇప్పుడు ఏడాది పొడవునా సరైన లెక్చరర్ లేని పేపరు ఒకటి ఉందనుకోండి. సీనియర్ల నోట్సు జిరాక్స్ తీసుకుని, యూట్యూబ్‌లో చూసి, గైడు బట్టీ పట్టి పాసవుతారు. ఆ తర్వాత ఫారం తెరిచి 85 శాతం పైన అని నొక్కుతారు. ఆ క్షణం నుంచి కాగితం మీద ఆ పేపరుకు ఏ లోటూ లేదు. 2023 చివర్లో మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో 3,220 బోధనా పోస్టుల భర్తీకి నోటిఫికేషన్లు ఇచ్చారు, ఆ వ్యవహారం కోర్టు కేసుల్లో చిక్కుకుంది. అంతమంది లేరని సర్కారే ఒప్పుకున్న అంకె అది. ఇన్ని ఖాళీల నడుమ ‘సిలబస్ పూర్తి, బోధన అద్భుతం’ అని మీరే రాసిచ్చాక, పోస్టు కావాలని పైకి వెళ్లిన హెచ్ఓడీ చేతిలో ఏం మిగులుతుంది? అంతా బాగానే నడుస్తోందని పిల్లలే చెప్పారు కదా అంటారు. ఆయన దగ్గర జవాబు ఉండదు.

పిల్లలు అలా ఎందుకు నొక్కుతారో మాకు తెలియక కాదు. ఇంటర్నల్ మార్కులు ఆ సారు చేతిలో ఉన్నాయి. రికార్డు మీద సంతకం ఆయనే పెట్టాలి. వైవా రోజు ఎదురుగా కూర్చునేది ఆయనే. హాజరు 75 శాతానికి ఒకటో రెండో తగ్గితే చూసీ చూడనట్టు పోవాల్సిందీ ఆయనే. అలాంటి చోట ఫారం మొదటి గడిలో హాల్ టికెట్ నంబరు అడిగితే నిజం ఎవరు రాస్తారు? పేరు అడగకపోయినా, మెయిల్ లాగిన్‌తో తప్ప తెరుచుకోని లింకు పేరు అడిగినట్టే. ఇక సారు బెంచీల మధ్య తిరుగుతూ ఉండగా ఫోన్లు తీసి నింపమనడం అభిప్రాయ సేకరణ కాదు, పాఠం అప్పజెప్పించడం. భయపడే ఏర్పాటు తామే చేసి, నిజం చెప్పలేదని పిల్లల్ని తప్పుపట్టే హక్కు ఏ యాజమాన్యానికీ లేదు.

ఇందులో ఇంకో అన్యాయం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. మన విశ్వవిద్యాలయాల్లో చాలా క్లాసులు నడిపేది అకడమిక్ కన్సల్టెంట్లు, గెస్ట్ లెక్చరర్లు. వాళ్ల కొలువు ఏడాదికో సెమిస్టరుకో రెన్యువల్ కావాలి. పర్మినెంట్ ప్రొఫెసర్ గురించి ఎంత చెడ్డగా రాసినా ఆయన కుర్చీ కదలదు. కన్సల్టెంట్ మేడం గురించి నాలుగు కోపపు మాటలు పడితే ఆమెకు వచ్చే ఏడాది పిలుపు రాకపోవచ్చు. అందుకని ఆమె మార్కులు ధారాళంగా వేస్తుంది, పేపరు తేలిక చేస్తుంది, క్లాసు ఎగ్గొట్టినవాడిని ఏమీ అనదు. పిల్లలకు సారంటే భయం, మేడానికి పిల్లలంటే భయం. ఈ రెండు భయాలూ కలిసి తయారు చేసే నివేదికే గ్రేడు కోసం బెంగళూరులోని న్యాక్‌కు వెళ్తుంది.

ఆ గ్రేడు మీద ఆశ ఎంతదాకా పోగలదో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. గుంటూరు జిల్లాలోని ఒక ప్రైవేటు డీమ్డ్ విశ్వవిద్యాలయానికి మంచి గ్రేడు కోసం లంచాలు చేతులు మారాయన్న ఆరోపణపై 2025 ఫిబ్రవరిలో సీబీఐ కేసు పెట్టింది. న్యాక్ పరిశీలక బృందం సభ్యులతో సహా పది మందిని అరెస్టు చేసింది. కేసు సంగతి కోర్టు తేలుస్తుంది. కానీ అంకెల కోసం అంత దూరం పోయే కాలంలో, మీ మెయిల్‌కు వచ్చిన సర్వేను ‘మేమే నింపేస్తాం, ఓటీపీ చెప్పమ్మా’ అని ఎవరైనా అడిగితే చెప్పకండి. అడిగింది ఆఫీసు క్లర్కయినా, సాక్షాత్తూ ప్రిన్సిపలయినా సరే.

ఉన్నది ఉన్నట్టు చెప్పడం ఎందుకు ముఖ్యమో శ్రీహరికోట పిల్లలకు మరొకరు వివరించాల్సిన పనిలేదు. 2025 మే 18 తెల్లవారుజామున పీఎస్ఎల్‌వీ-సీ61 ఇక్కడి నుంచే లేచింది. మూడో దశలో మోటారు లోపలి పీడనం పడిపోయిందని, ప్రయోగం నెరవేరలేదని ఇస్రో ఛైర్మన్ నారాయణన్ ఆ ఉదయమే చెప్పారు. రాకెట్ పంపే సంకేతాల్లో ఏది ఎక్కడ తగ్గిందో ఉన్నది ఉన్నట్టు కనబడబట్టే ఆ మాట అనగలిగారు. పీడనం తగ్గితే పైవాళ్లు కోప్పడతారని సెన్సరు ‘అంతా బాగుంది’ అని పంపితే ఏమయ్యేది? శ్రీహరికోట ప్రయోగ కేంద్రం షార్ ఎవరి పేరు మోస్తోందో ఆ సతీశ్ ధావన్ స్వయంగా పంతులు. 1951లో బెంగళూరు ఐఐఎస్సీలో చేరి, 1962 నుంచి దాదాపు రెండు దశాబ్దాలు దానికి డైరెక్టరుగా ఉన్నారు. షార్‌కు ఆయన పేరు పెట్టింది 2002 సెప్టెంబరు 5న, గురుపూజోత్సవం నాడు. ఆ తేదీ కావాలని ఎంచుకున్నారో యాదృచ్ఛికమో గానీ, బాగా కుదిరింది.

అలాగని ఫీడ్‌బ్యాకే సర్వస్వం అనుకుంటే అదీ గోతిలో పడటమే. అమెరికా వైమానిక దళ అకాడమీలో విద్యార్థులను ఏ ప్రొఫెసర్ దగ్గరికి పంపాలో లాటరీలా నిర్ణయిస్తారు. అక్కడి గణితం క్లాసుల మీద కారెల్, వెస్ట్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2010లో ప్రచురించిన పరిశోధన చదివితే మన కాలేజీల్లో నాణ్యత చూసే ఐక్యూఏసీ సమన్వయకర్తలకు నిద్ర పట్టదు. ఆ సెమిస్టరులో మార్కులు బాగా తెప్పించిన ప్రొఫెసర్లకు విద్యార్థులు మంచి రేటింగు ఇచ్చారు. తీరా పై తరగతుల గణితానికి వెళ్లేసరికి వాళ్ల విద్యార్థులే వెనకబడ్డారు. కష్టపెట్టి పునాది వేసిన ప్రొఫెసర్లకు రేటింగు తక్కువ వచ్చింది, వాళ్ల విద్యార్థులు తర్వాత ముందుకెళ్లారు. మరో ప్రయోగం 2015లో వచ్చింది. ఆన్‌లైన్ క్లాసులో ముఖం కనిపించని టీచరు మగవాడని అనుకున్న విద్యార్థులు ఎక్కువ మార్కులు వేశారు, అదే టీచరు ఆడమనిషి అనుకున్నవాళ్లు తక్కువ వేశారు. కెనడాలో 2018లో రయర్సన్ విశ్వవిద్యాలయం వివాదం విన్న మధ్యవర్తి, ఇలాంటి రేటింగులతో బోధన నాణ్యతను కొలిచి ప్రమోషన్లు నిర్ణయించరాదని తీర్పు చెప్పారు.

కాబట్టి ‘సారు నీకు నచ్చాడా’ అన్న ప్రశ్నకు విలువ తక్కువ. విద్యార్థికి కచ్చితంగా తెలిసిన విషయాలు వేరే ఉన్నాయి. టైంటేబుల్‌లో ఉన్న క్లాసుల్లో ఎన్ని జరిగాయి? ఏ యూనిట్ అసలు మొదలే కాలేదు? ల్యాబులో ప్రయోగం చేయించారా, రికార్డు మాత్రం రాయించారా? ఇంటర్నల్ పేపరు దిద్ది చూపించారా? సందేహం అడిగితే జవాబు వచ్చిందా, వెటకారం వచ్చిందా? ఇవి రాయండి. తేదీలు గుర్తుంటే తేదీలతో రాయండి. సారు వేసుకునే చొక్కా, మేడం యాస, ఎవరి కులం ఏమిటన్నది మీకు అనవసరం. అలాంటి ఒక్క వాక్యం పడితే చాలు, మిగతా నిజాలన్నీ చెత్తబుట్టలోకి పోతాయి.

భాష దగ్గర కూడా పిల్లలు చిక్కుపడుతున్నారు. 2021-22 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లిషు మీడియంలోకి మార్చారు. ఇంటర్ దాకా తెలుగులో చదివిన పిల్ల, పాఠం అర్థం కావడం లేదన్న మాటను ఇంగ్లిషులో రాయలేకనే ఆ చివరి ప్రశ్నను ఖాళీగా వదిలేస్తుంది. అర్థం కాలేదని చెప్పడానికి అర్థం కాని భాషే దిక్కు అనడం ఏం న్యాయం? తెలుగులో రాయండి. చదివి అర్థం చేసుకునే బాధ్యత అడిగినవాళ్లది.

ఫారంలో చెప్పలేని కోపం ఇన్‌స్టాగ్రామ్ కన్ఫెషన్ పేజీల్లోకి పోతోంది. అక్కడ మరింత జాగ్రత్త. పేజీకి పేరు లేనంత మాత్రాన పెట్టినవాడు దొరకడనుకోవద్దు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువు నష్టం నేరానికి రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. ఒక సారు లంచం అడిగాడనో, అసభ్యంగా ప్రవర్తించాడనో నిజంగా మీకు అనుభవమైతే అది మీమ్ చేసే విషయం కాదు, ఫీడ్‌బ్యాక్ ఫారంలో మూలన రాసి ఊరుకునేదీ కాదు. లైంగిక వేధింపుల మీద విచారణ జరపాల్సిన అంతర్గత ఫిర్యాదుల కమిటీ ప్రతి సంస్థలో ఉండాలని 2013 చట్టం చెబుతోంది. నేరుగా అక్కడే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లండి.

మిగతా ఫిర్యాదులకు 2023 ఏప్రిల్‌లో యూజీసీ తెచ్చిన నిబంధనలున్నాయి. ప్రతి సంస్థలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ ఉండాలి, ఫిర్యాదు అందిన 15 పనిదినాల్లో అది నివేదిక ఇవ్వాలి. సంతృప్తి కలగకపోతే విశ్వవిద్యాలయం అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేసుకోవచ్చు, ఆయన 30 రోజుల్లో పరిష్కరించేందుకు ప్రయత్నించాలి. ఆ కుర్చీలో మనిషిని నియమించని విశ్వవిద్యాలయాల జాబితాను యూజీసీ 2024 జూన్‌లో ప్రకటిస్తే 157 పేర్లు వచ్చాయి. వాటిలో 108 ప్రభుత్వానివే. మన వైపు పిల్లలు ఇంకొకటి చూసుకోవాలి. సూళ్లూరుపేట ప్రాంతం 2022 ఏప్రిల్ 4న నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. జిల్లా మారితే విశ్వవిద్యాలయం కూడా మారినట్టు అనుకోకండి. 1954లో పుట్టిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమా, 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయమా, మీ హాల్ టికెట్ మీద ఏది ఉందో చూసి అక్కడికే రాయండి. తప్పు చిరునామాకు పోయిన అర్జీ మీద ఎవరూ కాలు కదపరు.

వినే చోటు లేకపోతే ఏమవుతుందో తెలంగాణలోని బాసర చూపించింది. 2022 జూన్‌లో అక్కడి ట్రిపుల్ ఐటీలో వేల మంది విద్యార్థులు రెగ్యులర్ వీసీ కావాలి, చాలినంత మంది అధ్యాపకులు కావాలి అంటూ దాదాపు వారం రోజులు ఎండలో వానలో బయట కూర్చున్నారు. చివరికి విద్యాశాఖ మంత్రి రాత్రి పూట క్యాంపస్‌కు వచ్చి మాట్లాడాల్సి వచ్చింది. అధ్యాపకులు చాలడం లేదన్న ముక్క ఫీడ్‌బ్యాక్ ఫారం చెప్పాల్సిన ముక్క. ఫారాలు చెప్పనప్పుడు పిల్లలు గేటు దగ్గరికొచ్చి చెబుతారు.

వీసీలకు, రిజిస్ట్రార్లకు, ప్రిన్సిపళ్లకు మా విన్నపం ఈ సెమిస్టరుకు సంబంధించింది, వచ్చే ఏడాదికి వాయిదా వేసేది కాదు. ఇంటర్నల్ మార్కులు అప్‌లోడ్ అయ్యాకే ఫారం తెరవండి. హాల్ టికెట్ నంబరు, మెయిల్ లాగిన్ తీసేయండి. ఫారాన్ని తెలుగులో కూడా ఇవ్వండి. సారు క్లాసులో ఉండగా నింపించకండి. కన్సల్టెంట్ల రెన్యువల్‌ను ఈ అంకెలతో ముడిపెట్టకండి. ఏ శాఖలో ఏ యూనిట్లు చెప్పకుండా మిగిలాయో నోటీసు బోర్డులో పెట్టండి. ఇందులో దేనికీ రూపాయి ఖర్చు లేదు, జీవో అవసరం లేదు.

విద్యార్థులారా, వాళ్లు మార్చేదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. నంబరు అడిగే ఫారం వస్తే, నంబరు లేకుండా ఇవ్వమని క్లాసంతా కలిసి ఒక కాగితం రాసి హెచ్ఓడీకి ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. ఒప్పుకోకపోతే ఆ కాగితమే ఫిర్యాదుల కమిటీకి పంపండి. అప్పటిదాకా సిలబస్ ప్రశ్న దగ్గర మాత్రం ఉన్న శాతమే నొక్కండి, ఒక్క గడి కూడా ఎక్కువ వేయకండి.