బరువులెత్తితే మగరాయుడిలా అవుతామా?

ప్రశ్న: మా అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. నాకు 48 ఏళ్ళు. బహిష్టులు ఆగి ఏడాదైంది. డాక్టరు బరువులెత్తే వ్యాయామం చేయమన్నారు. పొలంపని చేసేదాన్ని, అది చాలదా? మగరాయుడిలా కండలొస్తాయని ఇంట్లో నవ్వుతున్నారు.
— ఒక సోదరి, అమ్రాబాద్

జవాబు: నవ్వేవారిని నవ్వనివ్వండి. స్త్రీలలో టెస్టోస్టిరోన్ హార్మోను చాలా తక్కువ కనుక మగవారిలా కండలు పెరగవు. బహిష్టులు ఆగాక ఈస్ట్రోజెన్ తగ్గి ఎముకలు గుల్లబారుతాయి. కండరాలు బలంగా లాగుతుంటేనే ఎముకలు గట్టిగా ఉంటాయి. పొలంపని మంచిదే కాని, అందులో వంగిన నడుమే వంగుతుంది. వ్యాయామంలో అన్ని కండరాలకూ పని చెప్పి, బరువును క్రమంగా పెంచుకోవచ్చు.

వారానికి రెండు రోజులు చాలు. చేతుల ఊతం లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోండి. గోడకు అరచేతులానించి, మోచేతులు వంచుతూ పదిసార్లు ముందుకు వాలి లేవండి. లీటరు నీళ్ళ సీసా కిలో బరువుంటుంది; చేతికొకటి పట్టుకుని ఎత్తి దించండి. సులువయ్యాక బరువు పెంచండి. ఊపిరి బిగబట్టకండి. రక్తపోటు, గుండెజబ్బు ఉంటే ముందుగా ఆ సంగతి డాక్టరుకు చెప్పండి. పప్పు, గుడ్డు, పల్లీలు తినండి.

శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లేశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలెత్తి కాంస్యపతకం తెచ్చింది. మీకంత బరువు అక్కర్లేదు. డెబ్బయ్యో ఏట కూడా మీ నీళ్ళబిందె మీరే ఎత్తుకోగలిగితే చాలు!