సీసా పచ్చగా ఉంటే సరిపోతుందా?

మద్యం మన ఇళ్ల గడప దాటి రాదు కదా, యునాని శీర్షికలో దాని ప్రస్తావన ఎందుకని గుడియాత్తం పాఠకులు అడగవచ్చు. తాగే నీళ్ల కోసమే. ఆరోగ్యానికి తప్పనిసరైన ఆరు కారణాలను యునానిలో 'అస్బాబె సిత్తా జరూరియా' అంటారు. మొదటిది గాలి, రెండోది తిండీ నీళ్లూ. మంచినీళ్లు తేలికగా ఉండాలని, త్వరగా వేడెక్కి త్వరగా చల్లారాలని ఇబ్నె సీనా 'అల్ ఖానూన్'లో రాశారు.

అర్క్ తీసే డేగ్, భబ్కా చూసినవారికి ఒక సంగతి తెలుసు. ఆవిరై సీసాలో చేరేది కొంచెం, డేగ్ అడుగున మిగిలేది చాలా. గులాబీ అర్క్ అయితే మిగిలేది ఉడికిన రేకులే, చెట్టు మొదట్లో పోస్తే సరి. మద్యం ఫ్యాక్టరీలో అలా కాదు. చెరకు మడ్డిని, అంటే మొలాసిస్‌ను పులియబెట్టి ఒక లీటరు స్పిరిట్ తీస్తే 8 నుంచి 15 లీటర్ల 'స్పెంట్ వాష్' మిగులుతుంది. ముదురు గోధుమ రంగు, పులుపు, భరించలేని వాసన. నీటిలోని ప్రాణవాయువును ఇళ్ల మురుగు కంటే వంద రెట్లకు పైగా లాగేస్తుంది. శుద్ధి చేయకుండా వదిలితే చేపలు ఊపిరాడక చస్తాయి, బావుల నీళ్లు రంగు మారతాయి. 2018 మేలో పంజాబ్‌లో ఒక చక్కెర మిల్లు మొలాసిస్ పొర్లి బియాస్ నదిలో కలిస్తే చేపలు కుప్పలుగా తేలాయి. అది ఇంకా సారా కాని మడ్డి మాత్రమే!

ఇక ప్రకటనలు. మద్యానికి నేరుగా ఇవ్వకూడదు కనుక సోడా పేరుతో ఇస్తారు. ఇప్పుడు మొక్కలు నాటాం, సీసా బరువు తగ్గించాం అనే పచ్చరంగు పూత కూడా తోడైంది. 2020లో డియాజియో సంస్థ జానీవాకర్‌ను కాగితపు సీసాలో తెస్తామంది. తేనివ్వండి, మంచిదే. డేగ్ అడుగున మిగిలినదాని లెక్క ఏ లేబుల్ మీద ఉంది? ఆధారం చూపకుండా 'పర్యావరణ హితం' అనరాదని 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. నీలగిరిలో టాస్మాక్ 2022 మే నుంచి సీసాకు 10 రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెచ్చిస్తే తిరిగి ఇస్తోంది. అదీ దుకాణం తనంతట చేసిన పుణ్యం కాదు. అడవిలో పగిలిన సీసాలు ఏనుగుల కాళ్లలో గుచ్చుకుంటున్నాయని మద్రాసు హైకోర్టు కల్పించుకున్నాకే జరిగింది.

పాడుచేసినవాడే ఖర్చు భరించాలని సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న చెప్పింది మన పాలారు కేసులోనే. ఒక్కో తోళ్ల షెడ్డుకు 10,000 రూపాయల జరిమానా పడింది. పేర్నాంబట్, ఆంబూరు, వాణియంబాడిలో ఆ తీర్పు తెలియని మన కుటుంబాలు తక్కువ. తోళ్లకు పట్టిన ఆ కొలతే సారాకూ పట్టాలి. మద్యం ఫ్యాక్టరీ పక్కన బోరు నీళ్లు పరీక్షించారా, ఫలితం ఏమిటని కాలుష్య నియంత్రణ మండలిని ఎవరైనా అడగవచ్చు. సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము 10 రూపాయలే.