మతిమరుపు అని సరిపెట్టుకోవద్దు

ఇంట్లో పెద్దాయన అడిగిందే పదేపదే అడుగుతుంటే ‘వయసు మీద పడింది కదా’ అని తేల్చేయడం మనకు అలవాటు. కళ్లజోడు ఎక్కడ పెట్టారో మరచిపోవడం వేరు. ఏళ్ల తరబడి తిరిగిన వీధిలోనే దారి తప్పడం, పింఛను డబ్బు లెక్క తేల్చలేకపోవడం వేరు. అది డాక్టరుకు చూపించాల్సిన సంగతి.

ఇలాంటి మతిమరుపునకు ఒక ముఖ్య కారణం అల్జీమర్స్ జబ్బు. ఇందులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ మెదడులో పేరుకోవడం లక్షణాలు బయటపడటానికి 15, 20 ఏళ్ల ముందే మొదలవుతుంది. దాన్ని పట్టుకోవాలంటే ఇన్నాళ్లూ ఖరీదైన పెట్ స్కానో, వెన్నులోంచి తీసిన నీటి పరీక్షో దిక్కు. 2025 మేలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇందుకోసం ఒక రక్తపరీక్షకు అనుమతినిచ్చింది. మంచిదే. కానీ అది 55 ఏళ్లు దాటి, లక్షణాలున్నవారికి నిపుణుల పర్యవేక్షణలో చేయాల్సిన పరీక్ష. ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీలో కలిపేసి అమ్మే సరుకు కాదు. (మన ల్యాబుల ఉత్సాహం తెలిసినవారికి అలా అమ్ముతారేమోనన్న భయం అర్థమవుతుంది.)

జబ్బు ఎంత వేగంగా ముదురుతుందో చెప్పడం మరీ కష్టం. తొలిదశ మతిమరుపు ఉన్నవారిలో కొందరు ఏళ్లపాటు అలాగే ఉంటారు, కొందరు కోలుకుంటారు కూడా. జబ్బు ఎప్పుడు బయటపడుతుందన్నదీ అందరికీ ఒకేలా ఉండదు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చినట్టు తేలింది. చదువురానివారిలోనూ ఈ తేడా కనిపించింది.

బీ12 లోపం, థైరాయిడ్, కుంగుబాటు కూడా మతిమరుపు తెస్తాయి. వాటికి చికిత్స ఉంది. ప్రభుత్వాలు ముందు వీటిని పట్టే మామూలు పరీక్షలను, తెలుగులో జ్ఞాపకశక్తిని అంచనా వేసే ఏర్పాటును జిల్లా ఆసుపత్రులకు చేర్చాలి.