ఖాళీ బండి మైలేజి చెప్పి లోడు బండి అమ్ముతున్నారు

పంట చేతికొచ్చే రోజులు దగ్గర పడితే చాలు, బండ్లు అమ్మేవాళ్ళు ఊళ్ళలోకి దిగుతారు. అందరిదీ ఒకటే పాట. డీజిలు కాలం అయిపోయింది, పెట్రోలు చిన్న ట్రక్కు తీసుకోండి, ధర తక్కువ, చప్పుడుండదు, డీజిలు బండిని పదేళ్ళకే మూలన పడేయాలి అని. ధర తక్కువన్నది నిజం. చప్పుడు తక్కువన్నదీ నిజమే. మిగతాదంతా మన నెత్తిన రుద్దే మాట.

ముందు ఆ పదేళ్ళ సంగతి తేల్చుకుందాం. అది ఢిల్లీకీ దాని చుట్టుపక్కల జిల్లాలకూ హరిత ట్రిబ్యునల్ పెట్టిన నిబంధన, 2018లో సుప్రీంకోర్టు కూడా ఖాయం చేసింది. గుంటూరు యార్డుకు మిర్చి టిక్కీలు మోసే బండికి దాంతో పనేమిటి?

టర్బో పెట్టిన పెట్రోలు ఇంజను డీజిలంత లాగుతుందని, అమెరికాలో అవే వాడుతున్నారని ఇంకో మాట. అక్కడ ఫోర్డు కంపెనీ 2011 మోడలు నుంచి ఎఫ్-150 పికప్‌లో రెండు టర్బోల 3.5 లీటర్ల పెట్రోలు ఇంజను పెడుతోంది. అది బరువు బాగానే లాగుతుంది, కాదనం. కానీ అక్కడ పెట్రోలే డీజిలు కంటే చౌక. పెద్ద పికప్‌కు డీజిలు ఇంజను కావాలంటే వేల డాలర్లు అదనంగా కట్టాలి. వాళ్ళ లెక్క వాళ్ళకు కుదిరింది. మన దగ్గర 2025లో హైదరాబాదులో పెట్రోలు లీటరు 107 రూపాయలు దాటితే, డీజిలు 96 లోపు. పైగా మనకు అంటగట్టేవి ఎఫ్-150లా? ఏస్ గోల్డ్ పెట్రోలు బండిది 694 సీసీ ఇంజను, 30 హార్స్ పవర్. టర్బో లేనే లేదు. లాగే బలం, అదే టార్కు, 55. బొలేరో పికప్ డీజిలుది 200. రెండూ ఒక తరగతి బండ్లు కావని మాకూ తెలుసు. కానీ మన ఊళ్ళలో మొదటి బండి మీద రెండో బండి లోడు వేస్తారు!

హార్స్ పవర్ అంకె చూసి పడిపోవద్దు. 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్ డీజిలుకు ఉన్నది 16 హార్స్ పవరే. దాంతోనే ఊరూరికీ చేరింది. బరువుతో గట్టెక్కేటప్పుడు ఇంజను తక్కువగా తిరుగుతూనే లాగాలి. డీజిలు ఆ పని చేస్తుంది. పెట్రోలు ఇంజనైతే గేరు దించి రేజ్ చేయాలి. టర్బో పెట్టిన పెట్రోలు ఇంజను కూడా ఖాళీగా పోయినప్పుడు పొదుపే. గట్టిగా లోడు పడితే లోపలి వేడి తగ్గించడానికి అదనంగా పెట్రోలు పోసుకుంటుంది. దానికి తోడు ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు. ఇథనాలులో శక్తి పెట్రోలు కంటే మూడో వంతు తక్కువ. అది మన చెరకు, మొక్కజొన్న, నూకల సరుకే, వద్దనడం లేదు. మరి మైలేజి తగ్గినప్పుడు ధర కూడా తగ్గాలి కదా?

పెట్రోలు బండి ఎవరికీ పనికిరాదని మేము అనం. రోజూ పది పన్నెండు కిలోమీటర్లు పాల క్యాన్లో, రైతుబజారుకు కూరగాయల బుట్టలో వేసుకుపోయేవాళ్ళకు అదే మేలు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిలు బండ్లకు పొగగొట్టంలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. బండి దూరం పోయి బాగా వేడెక్కితేనే ఆ మసి కాలిపోతుంది. దగ్గర తిరుగుళ్ళకు పూడుకుపోతుంది, బాగుచేయించాలంటే బిల్లు వాచిపోతుంది. ఈ ముక్క డీజిలు అమ్మేవాడూ చెప్పడు.

ఇక సర్కారు. 2021 బడ్జెట్‌లో వ్యవసాయ మౌలిక వసతుల పేరుతో సెస్సు వేశారు. పెట్రోలు మీద లీటరుకు రెండున్నర, మన ట్రాక్టరు తాగే డీజిలు మీద 4 రూపాయలు! అంతమేర ఎక్సైజు తగ్గించారు కాబట్టి బంకులో ధర పెరగలేదు. కానీ పేరు రైతుది, భారం ఎక్కువ డీజిలు మీద.

మన డిమాండు ఒక్కటే. పూర్తి లోడుతో లీటరుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో షోరూము వాళ్ళు కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. అది లేకుండా ఫైనాన్సు కాగితాల మీద వేలిముద్ర వేయొద్దు. బండ్లున్న సభ్యులంతా ఈ నెల వేసిన లోడు, తిరిగిన కిలోమీటర్లు, పోయించిన లీటర్లు రాసిపెట్టి వచ్చే మండల సమావేశానికి తీసుకురండి. ఆ లెక్కలతోనే షోరూముల దగ్గరికి పోదాం.