మంచినీటికి మొదటి హక్కు

2023 ఆగస్టులో వాన మొగం చాటేసింది. 1901 నుండి దేశంలో లెక్క కట్టిన ఆగస్టు నెలలన్నిటిలో అంత తక్కువ వాన ఎన్నడూ లేదు. ఏడాది తిరిగి 2024 సెప్టెంబరు వచ్చేసరికి కుండపోత కురిసి, వరద సొరంగంలోకి చొరబడి, మన బిజినేపల్లి మండలం వట్టెం దగ్గర పాలమూరు-రంగారెడ్డి పథకం పంపుహౌసు మునిగింది. వాతావరణ మార్పు అంటే ఎక్కడో మంచుకొండల ముచ్చట కాదని మన మండలమే సాక్ష్యం చెబుతోంది.

గాలి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకోగలదు. ఆ తేమ దిగినప్పుడు ఒక్కసారే కుమ్మరిస్తుంది. మన నేల కింద ఉన్నది గట్టి బండ. దాని మీది మొరం పొరలో, బండ చీలికల్లోనే నీళ్లు నిలుస్తాయి. నాలుగు దినాలు ముసురు పడితే ఆ పొర తాగుతుంది. రెండు గంటల్లో కుమ్మరిస్తే వాగు పాలవుతుంది. అందుకే లెక్కకు సరిపడా వాన పడ్డ ఏడు కూడా ఎండకాలం బోరింగు కొడితే గాలే వస్తుంది.

ఈ ఎద్దడి అందరికీ ఒక్క తీరుగ రాదు. ఉన్నోడు బోరు మీద బోరు లోతుకు దించుతాడు, పక్కన ఊరుమ్మడి బోరు ఎండుతుంది. లోతుకు పోయినకొద్దీ ఫ్లోరైడు ముప్పు పెరుగుతుంది; లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లకు, ఎముకలకు చేటు. పైసలున్నోడు ప్లాంటు నీళ్లు కొంటాడు. కలుపుకు పోవలసిన ఆడకూలీ బిందె కాడ నిలబడితే ఆనాటి కూలి పోతుంది. గాలిని వేడెక్కించిన పొగ ఆమె పొయ్యిది కాదు. శిక్ష మాత్రం ఆమెకే.

2016లో మొదలైన మిషన్ భగీరథ పల్లెలో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇస్తామన్నది. నల్లా వచ్చింది, కాదనము. కాని ఆ నీరు శ్రీశైలం జలాశయం నుండి ఎల్లూరు మీదుగా రావాలి. 2020 అక్టోబరులో ఎల్లూరు కాడి కల్వకుర్తి ఎత్తిపోతల పంపుహౌసు మునిగిన సంగతి మరువరాదు. నది, మోటరు, కరెంటు, పైపు - ఏ ఒక్కటి తప్పినా వాడలో నల్లా ఎండుతుంది. అటువంటప్పుడు ఊరి బాయిని చెత్తతో పూడ్చుకోవడం ఆత్మహత్యే.

కనుక మేము కోరేది ఇది. ప్రజల మంచినీటి వనరుకు 250 మీటర్ల లోపు సొంత బోర్లను కట్టడి చేసే 2002 నాటి వాల్టా చట్టాన్ని పెద్ద రైతుల మీద కూడా అమలు జరపాలి. తొలకరికి ముందే కూలి ఇచ్చి ఊరిబాయిలు, కుంటలు, పాటుకాల్వలు పూడిక తీయించాలి. ప్రతి బోరు నీళ్లు పరీక్ష చేయించి, ఫలితం గ్రామసభలో చదివి వినిపించాలి. పని కాడ తాగునీళ్లు ఆసామే పెట్టాలి.

సోదరులారా, బోరింగు ఎండినంక ఖాళీ బిందెలతో రోడ్డెక్కడం ప్రతి ఏడూ చేస్తున్నదే. ఈసారి బాయిల్లో నీళ్లు ఉన్నప్పుడే గ్రామసభలో లేచి అడుగుదాం.