బ్రిడ్జి ఎన్నేండ్లొస్తది?

మొన్న ఆదివారం పొద్దున్నే మా బావ వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోకుండా నోరు తెరిచి, వేలు పెట్టి చూపించాడు. కింది వరసలో ఒక దవడపన్ను లేదు.

"డాక్టరు బ్రిడ్జి కట్టించుకొమ్మంటున్నాడు. నీవు కట్టించుకొంటివి గద బామ్మర్దీ, ఎన్నేండ్లొస్తది?" అన్నాడు, ట్రాక్టరు టైర్ల సంగతి అడిగినట్టు.

మా వడ్డేపల్లి వాళ్లకు పంటినొప్పి ముదిరిందంటే కర్నూలే దిక్కు. తుంగభద్ర దాటిపోవాలి. 2014 నుంచి ఆ వొడ్డు వేరే రాష్ట్రమైంది గాని, పంటి నొప్పికి ఆ సంగతేం తెలుసు! (మా నడిగడ్డలో పళ్లను పండ్లనే అంటారు. "పండ్లు పోయినయి" అంటే తోటా నోరా అని మొదట చూసుకోవాలి.)

బ్రిడ్జి అంటే ఏమీ లేదు. పన్ను పోయిన ఖాళీకి అటొకటి ఇటొకటి ఉన్న పళ్లను చుట్టూ అరగదీసి, వాటికి టోపీలు తొడిగి, ఆ టోపీల మధ్య ఒక పన్నును వేలాడదీస్తారు. ఈ ఊహ కొత్తదేం కాదు. క్రీస్తుకు పూర్వం 7వ శతాబ్దం నాటికే ఇటలీలో ఎట్రస్కనులు బంగారు పట్టీతో పక్కపళ్లకు కట్టుకొన్నారు.

నా బ్రిడ్జి కథ బావకు చెప్పక తప్పలేదు. 2012లో కట్టించుకొన్నాను. రోజూ దాని కింద దారంతో శుభ్రం చేసుకోవాలని ఆనాడే డాక్టరు చెప్పాడు. బట్టలు కుట్టుకొనే వయసా నాది అని నవ్వుకొన్నాను. పదకొండో ఏట పెళ్లి పంక్తిలో బూరె కొరికితే బ్రిడ్జి కదిలింది. డాక్టరు ఊడదీసి పళ్లెంలో పెట్టాడు. నిన్న చేయించినట్టు మెరిసిపోతోంది!

"బ్రిడ్జికేమీ కాలేదు సార్, కింది పన్నే పుచ్చిపోయింది" అన్నాడు.

టోపీ అంచుకూ చిగురుకూ మధ్య పాచి చేరి, అక్కడినుంచి పుచ్చు లోపలికి పాకిందన్నమాట. అది వెనకటికి నరం తీయించిన పన్ను గనుక నొప్పయినా పెట్టలేదు. ఆ పన్నూ పీకించుకోవలసి వచ్చింది. ఒక పన్ను పోయిందని వెళ్లినవాణ్ణి, రెండు పోయినవాణ్ణయినాను.

లెక్కలు లేకపోలేదు. పలు దేశాల పరిశోధనలను కూడగట్టి చూసినవాళ్లు, రెండు వైపులా ఆనిక ఉన్న మామూలు బ్రిడ్జీలలో నూటికి 89 దాకా పదేండ్ల తర్వాత కూడా నోట్లోనే ఉన్నాయని తేల్చారు. ఒక వైపే ఆనిక ఉండి రెండోకొస గాలిలో ఉన్నవి నూటికి 80. పక్కపళ్లను అట్టే అరగదీయకుండా రెక్కలతో అంటించే రకమైతే 65. అయితే "నోట్లో ఉన్నాయి" అంటే ఏ చిక్కూ లేకుండా ఉన్నాయని కాదు సుమండీ. టోపీకింద పుచ్చడం, అరగదీసిన పన్నులో నరం కొన్నేళ్లకు చచ్చిపోవడం తరచు కనిపించేవే.

"మరి మేకు లాంటిది దిగ్గొడతరంట గద?" అన్నాడు బావ.

ఇంప్లాంటు సంగతి. దానికి పక్కపళ్ల జోలికి పోనక్కరలేదు. అవి రెండూ ముట్టని ముత్యాల్లా ఉంటే నేనైతే ముందు దానినే గురించి అడుగుతాను. కాని దవడ ఎముక చాలినంత ఉండాలి, చక్కెర జబ్బు అదుపులో ఉండాలి, ఖర్చూ ఎక్కువే. పక్కపళ్లకు ఇదివరకే పెద్ద సిమెంట్లూ టోపీలూ పడివుంటే బ్రిడ్జి సబబే. బావకు చక్కెర ఉన్నది; టీలో మూడు చెంచాలూ ఉన్నవి. అక్క ఎదురుగా ఆ మాట ఎత్తలేదు.

"అయితే బ్రిడ్జి సంగతి కాదు, పక్క పండ్ల సంగతి అడగాల్నా?"

"అవును బావా. ఎక్స్‌రే తీయించి, అవి ఎన్నాళ్లు మోస్తాయో అడుగు. కట్టాక కూడా నొప్పి లేదని ఊరుకోక, ఆరునెలల కొకసారి చూపించుకో."

తర్వాత దారం చూపించాను. దాని కొస బిరుసుగా ఉంటుంది. కట్టుడుపన్ను కిందుగా ఇటునుంచి అటు దూర్చి, మెల్లగా లాగాలి. బావ నా నోరు చూసి, దారం చూసి, "రోజూనా?" అన్నాడు.

"రోజూ, రాత్రి పడుకోబోయే ముందు."

రెండు ప్యాకెట్లుంటే ఒకటి జేబులో వేసుకొని పోయాడు.